64 ఎంబీ దాటిన ఫైళ్లే ఎందుకు తేడా కొట్టాయి?

పోయిన శనివారం రాత్రి హైదరాబాద్ రాయదుర్గం ఆఫీసులో ముగ్గురమే ఉన్నాం. రెండు హడూప్ క్లస్టర్లను (భారీ డేటాను పంచుకుని దాచే సర్వర్ల గుంపులను) ఒక్కటిగా కలిపే పనిలో అది చివరి విడత. పాత క్లస్టర్లో ఫైళ్లు మధ్యలో మారిపోకుండా స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచే ప్రతి) తీసుకుని, దాని నుంచి హడూప్‌లోని కాపీ టూల్ డిస్ట్‌సీపీతో కాపీ మొదలుపెట్టాం.

ఒంటిగంట దాటాక జాబ్ ఫెయిలైంది. లాగ్ నిండా చెక్‌సమ్ మిస్‌మ్యాచ్ అన్న లైన్లే. చెక్‌సమ్ అంటే ఫైలు లోపలి బైట్ల నుంచి లెక్కగట్టే సంఖ్య, కాపీ సరిగ్గా వచ్చిందా అని దాంతో పోల్చి చూస్తారు. నా కాళ్లు చల్లబడ్డాయి. అందులో ఏడేళ్ల బిల్లింగ్ రికార్డులున్నాయి.

ఆ ఎర్రర్ మెసేజే ఒక దారి కూడా చూపిస్తుంది: చెక్‌సమ్ పోల్చడం మానేయొచ్చు అని. అలా మానేస్తే కాపీలో డేటా పాడైనా బయటపడకపోవచ్చని పక్కనే హెచ్చరిక. "అక్కా, సైజులన్నీ సరిపోతున్నయ్. స్కిప్ పెట్టేద్దామా?" అన్నాడు మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. తెల్లారేసరికి ముగించాలన్న టెన్షన్ నాకూ ఉంది. అయినా వద్దన్నాను. సైజు సరిపోయినంత మాత్రాన లోపలి బైట్లు సరిపోయినట్టు కాదు.

ఫెయిలైన ఫైళ్లను సైజు వారీగా పేర్చి చూశాం. 64 ఎంబీ లోపు ఫైలు ఒక్కటీ లేదు! అక్కడ దొరికింది ముడి. హడూప్ పెద్ద ఫైలును బ్లాకులనే ముక్కలుగా కోసి దాస్తుంది. పాత క్లస్టర్లో బ్లాక్ సైజు ఎప్పటిదో 64 ఎంబీ దగ్గరే ఉండిపోయింది, కొత్తదాంట్లో 128. హెచ్‌డీఎఫ్‌ఎస్ (హడూప్ ఫైల్ సిస్టమ్) ఫైల్ చెక్‌సమ్ మొత్తం ఫైలును ఒక్కసారిగా లెక్కేసేది కాదు. ఒక్కో బ్లాక్‌కి ఎండీ5 (వేలిముద్రలాంటి సంఖ్య) కట్టి, వాటన్నిటి మీద మళ్లీ ఎండీ5 కడుతుంది. అందుకే బైట్లు అవే అయినా, బ్లాకులు వేరేచోట తెగితే జవాబు మారిపోతుంది. ఒకే బ్లాకులో ఇమిడే ఫైలుకి ఆ గొడవ లేదు.

బ్లాక్ సైజు అలాగే ఉంచమని చెప్పే పీబీ ఆప్షన్ చేర్చి, తేడా ఉన్న ఫైళ్లనే కాపీ చేసే అప్‌డేట్ ఆప్షన్‌తో మళ్లీ నడిపాం. ముందే వెళ్లిన చిన్న ఫైళ్లు కూడా, బ్లాక్ సైజు వేరు కాబట్టి, మళ్లీ కాపీ అయ్యాయి. ఈసారి ఒక్క తేడా రాలేదు. హడూప్ 3.1.1 నుంచి బ్లాక్ సైజుతో పనిలేని చెక్‌సమ్ పద్ధతి కూడా వచ్చింది గానీ, మా పాత క్లస్టర్‌కి అది తెలియదు.

ఇలా కలిపేటప్పుడు డిలీట్ ఆప్షన్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. గమ్యంలో ఉండి సోర్సులో లేని ఫైళ్లను అది తీసేస్తుంది. కలపడమంటేనే గమ్యంలో వేరేవాళ్ల డేటా ఉంటుంది కదా.

పొద్దున మెట్రో తెరిచేదాకా కింద బండి దగ్గర చాయ్ తాగుతూ నిలబడ్డాం. పాత క్లస్టర్‌ను ఇంకా ఆపలేదు, ఈ నెలాఖరుదాకా రీడ్-ఓన్లీలో ఉంచుతున్నాం. పీబీ వల్ల పెద్ద ఫైళ్లకు బ్లాకులు దాదాపు రెట్టింపున్నాయి, ఏ బ్లాకు ఎక్కడుందో గుర్తుంచుకునే సర్వర్ నేమ్‌నోడ్ మెమరీ మీద ఆ బరువు పడుతుంది. వాటిని 128తో తిరగరాసే పని సోమవారం నుంచి.