రాయి చల్లదనం వెతుక్కుంటూ తిరుపతికి

విజయవాడలో మా మేడ మీద నేను పేర్చుకున్న రాతితోట రెండు వేసవులు కూడా సరిగా దాటలేకపోయింది. చలిదేశాల కొండవాలు తోటల ఛాయాచిత్రాలు చూసి మోజుపడి, నాపరాళ్ళను నిలువుగా పాతి, వాటి మధ్య తెల్లని చలువరాతి ముక్కలు పరిచి, నర్సరీ నుంచి తెచ్చిన, ఎడారి గులాబీలనే అడీనియాలూ రకరకాల ముళ్ళమొక్కలూ నాటాను. మొదటి ఏప్రిల్‌లో సగం మాడిపోయాయి. మిగిలినవాటిలో మూడు అడీనియాలు మే నెలలో కురిసిన ఒక్క గాలివానకే మొదళ్ళు కుళ్ళి మెత్తబడ్డాయి. ఎండకూ చచ్చి, వానకూ చచ్చే మొక్కలతో ఏం చేయాలో తోచక తిరుపతిలోని మా చిన్నమ్మకు ఫోను చేసి మొరపెట్టుకుంటే, ఆమె నవ్వి, “నీ రాళ్ళు ఎండను తాగి వేళ్ళకు పోస్తా ఉండాయి నాయనా, ఒకసారి వచ్చి మా కొండను చూసిపో” అన్నది. ఉగాది ఇంకా పది రోజులుందనగా, మార్చి రెండో వారంలో, నాలుగు రోజుల సెలవు పెట్టి బయలుదేరాను.

చిన్నమ్మ ఇల్లు కపిలతీర్థానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. రైలు దిగి తెల్లవారుజామున అక్కడికి చేరేసరికి శేషాచలం కొండల నడుము దాకా మంచు పట్టి ఉంది. తొమ్మిదయ్యేసరికి ఆ మంచు జాడ లేదు. మధ్యాహ్నానికి ఎండ 37 డిగ్రీలకు చేరింది. ఫాల్గుణ మాసంలో తిరుపతి వాతావరణమంతా ఇంతేనని, పొద్దున దుప్పటి, మధ్యాహ్నం తడిగుడ్డ, సాయంత్రం గొడుగు దగ్గర పెట్టుకోవాలని చిన్నమ్మ అంటుంది. దానికి కారణం ఊహించడం కష్టం కాదు. పగటి వేడికి పైకి లేచిన గాలిలోకి తూర్పున బంగాళాఖాతం వైపు నుంచి తేమ వచ్చి చేరితే, కొండల అడ్డం కూడా తోడై, రెండు మూడు గంటల్లోనే ఉరుముల మబ్బు తయారవుతుంది. అసలు వానాకాలం ఇక్కడ ఈశాన్య రుతుపవనాలతో వచ్చే అక్టోబరు, నవంబరు నెలలే అయినా, మొక్కలను మోసగించేది మాత్రం వేసవి ముంగిట వచ్చే ఈ పిలవని వానే.

మన దేశంలో రాక్ గార్డెన్ అనగానే అందరికీ చండీగఢ్‌లో నేక్‌చంద్ పారవేసిన వస్తువులతో నిర్మించిన బొమ్మల లోకమే గుర్తుకొస్తుంది. చిన్నమ్మది అటువంటిది కాదు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న చిన్న గట్టు అది. ఇంటి పునాది తవ్వినప్పుడు బయటపడిన రాళ్ళు కొన్ని, చిత్తూరు దారిలో గ్రానైటు పాలిష్ పట్టే చోట పనికిరావని పడేసిన ముక్కలు కొన్ని తెచ్చి కట్టుకున్నది. కొండ మీది రాయిని గానీ మొక్కను గానీ తాకలేదని ఆమె నొక్కి చెప్పింది. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించబడిన అడవి, అక్కడి నుంచి ఒక్క దుంప తవ్వుకొచ్చినా నేరమే. తోటమాలులమని చెప్పుకునేవారిలో ఈ నిష్ఠ నేను ఎక్కువగా చూడలేదు.

నేను గమనించిన మొదటి తేడా ఏమిటంటే, ఆమె రాళ్ళలో ఒక్కటీ నిలబడి లేదు. ప్రతి రాయీ బల్లపరుపుగా పడుకుని, మూడో వంతు మట్టిలో దిగి, లోపలి వైపుకు కొంచెం వాలి ఉంది. పైన పడిన చినుకు ముందుకు జారి వృథా కాకుండా, వెనక్కి నడిచి వేరు దగ్గర దిగుతుంది. పెద్ద రాళ్ళకు ఉత్తరం, తూర్పు వైపుల్లోనే మెత్తని మొక్కలున్నాయి. పడమటి ఎండ తగిలేచోట కలబంద, ముళ్ళ యుఫోర్బియా తప్ప మరేమీ లేవు. మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళే. మధ్యాహ్నం రెండు గంటలకు, రాతి పైభాగం అరచేయి ఆనించలేనంతగా కాలుతున్నప్పుడు, ఆమె నన్ను ఒక రాయి అంచు కింద వేళ్ళు పెట్టి చూడమన్నది. అక్కడి మట్టి చల్లగా, చెమ్మగా ఉంది. చలిదేశంలో రాయి మొక్కకు వెచ్చదనం దాచి పెడుతుంది, మన దగ్గర దానితో చేయించుకోవలసిన పని సరిగ్గా దీనికి ఎదురు. రెండేళ్ళుగా నేను తిరగేసి చదువుకున్న పాఠం ఇదేనని అప్పుడు అర్థమైంది.

ఆ రోజు గట్టు మీద రణపాల గంటలు చివరి దశలో వేలాడుతున్నాయి. కలబంద కాడకు పూసిన పసుపు గొట్టాల కోసం తేనెపిట్ట ఒకటి పదేపదే వచ్చిపోతోంది. ఒక్క ఆకూ లేని అడీనియం కొమ్మల చివర గులాబీ రంగు గుత్తులు విచ్చుకున్నాయి. వాటన్నిటి కంటే నన్ను ఆపేసింది అడవి ఉల్లి. బంధువుల పొలం గట్టు చదును చేస్తుంటే వచ్చిన దుంపలట. ఆకు అనేదే లేకుండా నేలలోంచి నేరుగా మోకాలి ఎత్తు కాడ లేచి, దాని పొడవునా మట్టిరంగు కలిసిన చిన్న పూలు తలలు వంచుకుని ఉన్నాయి. ఆకులు వానల తర్వాత గానీ రావు. అందగత్తె ఏమీ కాదు, దుంప విషం కూడా. అయినా చలిదేశాల వారు మంచు కరగగానే తొంగిచూసే క్రోకస్ దుంపల గురించి పొంగిపోతారే, ఆ స్థానం మన రాతినేలలో దీనిదేనని నాకనిపించింది. ట్యులిప్ దుంపలు తెచ్చుకుందామని ఒకప్పుడు నేను అనుకున్న మాట చిన్నమ్మతో చెప్పలేదు. పన్నెండు వారాల చలి లేనిదే సరిగా పూయని దుంపకు విజయవాడలో ఫ్రిజ్ తప్ప దిక్కులేదు.

రెండో రోజు అలిపిరి మెట్ల దారిన కొండెక్కాను. సుమారు 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. దారికి అటూ ఇటూ ఆకు రాలిన చెట్ల మధ్య కొండగోగు పూలు పసుపు ముద్దల్లా మెరుస్తున్నాయి. అరచేయంత పూవు, చుట్టూ ఒక్క ఆకు లేదు. ఎండాకాలం ముందు ఆకులను వదిలించుకుని నీటి ఖర్చు తగ్గించుకునే చెట్టు, అడ్డుగా ఆకులు లేని ఆ సమయాన్నే పూతకు వాడుకుంటుంది, తేనెటీగకు పూవు దూరం నుంచే కనబడుతుంది. దిగువ పల్లంలో మోదుగ కూడా అదే పద్ధతిలో ఎర్రబడి ఉంది. నా అడీనియం ఆకులు రాల్చినప్పుడల్లా చచ్చిపోతోందేమోనని భయపడి నీళ్ళు పోసిన రోజులు గుర్తొచ్చి సిగ్గనిపించింది.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటుంది, తిరుపతి కంటే దాదాపు 700 మీటర్లు ఎక్కువ. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీల లెక్కన ఎండలో నాలుగైదు డిగ్రీల తేడా వస్తుంది. పైన నిజంగానే చొక్కా ఆరిపోయే చల్లగాలి వీచింది. తోటల నిండా పూలున్నా ఎవరి తలలోనూ ఒక్క పూవు కనబడదు. కొండను పుష్పమండపమంటారు, అక్కడి పూవు స్వామికే చెందుతుందని ఆడవారు పూలు ముడుచుకోరు. మల్లెల కాలంలో తెలుగు ఊరన్నది ఇలా కనబడటం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

దర్శనం తర్వాత శిలాతోరణం దగ్గరకు వెళ్ళాను. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి కమానును గాలీ నీరూ కోట్ల ఏళ్ళుగా తొలిచాయి. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను పక్కనున్న రాతి పొరల సందులు చూస్తూ నిలబడ్డాను. రాయి పొరలు పొరలుగా ఒకే వాలులో ఉంది, ప్రతి సందులోనూ వేలెడు మట్టి, ఆ మట్టిలో ఏదో ఒక గడ్డిపోచ. బస్సులో దిగుతున్నప్పుడు ఘాట్ రోడ్డు మలుపులో కింది గ్రానైటు, దాని మీద కూర్చున్న క్వార్ట్‌జైట్ పొరలు, ఆ రెండింటి మధ్య గీత గీసినట్టున్న హద్దు కనబడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ స్మారకంగా గుర్తించిన ఆ గీతకు పైనా కిందా ఉన్న రాళ్ళ వయసులో కోట్లాది ఏళ్ళ ఎడం ఉంది. చిన్నమ్మ తన రాళ్ళ గీతలన్నీ ఒకే దిక్కుకు ఎందుకు పెట్టిందో నేను అడగకుండానే తెలిసింది.

మూడో రోజు చిత్తూరు ప్రయాణం. కాణిపాకం వినాయకుణ్ణి చూసుకుని, ఆ పక్కనే పల్లెలో ఉన్న మామ ఇంటికి వెళ్ళాం. ఆయనకు నాలుగెకరాల తోతాపురి మామిడి తోట ఉంది, అత్త వాకిలి ముందు గుండ్రాళ్ళ మధ్య నాచుపూలు పెంచింది. మధ్యాహ్నం మూడింటికి ఎండ చురుక్కుమంటుండగానే ఆ నాచుపూలు ముడుచుకోవడం మొదలైంది. ఎండ తగ్గితే మూసుకునే పూలవి. పడమట నల్లమబ్బు పైకి రావడం మేము చూడకముందే దాని అంచు సూర్యుడి మీదికి వచ్చిందన్నమాట. అత్త ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తేలోగా గాలి లేచింది, ఆ వెంటనే వడగళ్ళు. అరగంటలో అంతా అయిపోయింది. నేను రాళ్ళ మీద ఎగిరిపడుతున్న గోలీలంత వడగళ్ళను చూసి మురిసిపోతుంటే, మామ అరుగు మీద కూర్చుని తోట వైపు చూస్తూ మాట్లాడలేదు. వాన వెలిశాక చెట్ల కింద చింతకాయంత పిందెలు చాపలా పరుచుకుని ఉన్నాయి. “ఊరగాయకు చాలు గదప్పా” అని ఆయన నవ్వబోయాడు. పూల కోసం వచ్చిన వాణ్ణి, ఆ మాటకు ఏం బదులు చెప్పాలో తెలియలేదు.

తిరుపతికి తిరిగి వచ్చి చూస్తే అక్కడా వాన పడింది. చిన్నమ్మ గట్టు మీద ఒక్క చోటా నీళ్ళు నిలవలేదు. అడీనియం గుత్తులు రాలిపోయాయి గానీ మొదలు రాయిలా గట్టిగానే ఉంది.

నేను విజయవాడ చేరిన మూడో రోజున చిన్నమ్మ నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. ఆ వానకు రెయిన్ లిల్లీలు రాళ్ళ సందుల్లోంచి గులాబీ రంగులో బారులుగా లేచాయి. కింద ఒకటే వాక్యం: “రాళ్ళు పడుకోబెట్టినావా?” ఆ సాయంత్రమే మేడ ఎక్కి, చలువరాతి ముక్కలన్నీ సంచికెత్తి, నాపరాళ్ళను ఒక్కొక్కటే పెకలించడం మొదలుపెట్టాను. నాలుగో రాయి కింద జానెడు జెర్రి కనబడటంతో ఆ రోజుకు పని ఆపేశాను.