కొత్త ఫెండర్‌కి బిల్లు, పాత ఫెండర్‌కి లప్పం

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో రిపేర్ చేయించిన కారు చేతికొచ్చాక పని బాగోలేదని తెలిస్తే, చాలామంది నేరుగా షెడ్డుకెళ్లి "షైనింగ్ రాలేదు, రంగు కలవలేదు" అని గొడవ పెట్టుకుంటారు. ఆ గొడవలో మనం గెలవడం కష్టం. "ఎండలో అలాగే కనిపిస్తుంది సార్, నాలుగు వాష్‌లు పడితే కలిసిపోతుంది" అనే జవాబు వాళ్ల దగ్గర ఎప్పుడూ రెడీగా ఉంటుంది. రంగు బాగుందా లేదా అన్నదానికి ఎవరి అభిప్రాయం వాళ్లది. ఎస్టిమేట్‌లో రాసిన పని చేశారా లేదా అన్నదానికి మాత్రం ఒకటే జవాబు. నా విషయంలో మేనేజర్ గొంతు తగ్గింది ఆ రెండో ప్రశ్న అడిగాకే.

నా కారుకి ఎడమవైపు ముందు ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) నలిగింది, డోర్ సొట్టపడింది, బంపర్ పగిలింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే సర్వేయర్ ఒప్పుకున్న ఎస్టిమేట్‌లో ఫెండర్‌కి ఎదురుగా "రీప్లేస్" అని, డోర్‌కి ఎదురుగా "రిపేర్" అని ఉంది. డబ్బంతా ఈ రెండు మాటల మధ్యే ఉంటుంది. కొత్త ఫెండర్ వేశామని బిల్లు రాసి, పాతదాన్నే సుత్తితో సరిచేసి లప్పం పూసి రంగు కొట్టేస్తే ఆ పార్టు డబ్బు షెడ్డుకి మిగిలిపోతుంది. కొన్నాళ్లు ఎవరికీ తెలియదు కూడా. తర్వాత ఎండకీ చలికీ రేకు ఒక రకంగా, లప్పం ఇంకో రకంగా సాగుతూ ముడుచుకుంటూ సన్నటి పగుళ్లు మొదలవుతాయి, వాటిలోంచి తడి లోపలికి పోతుంది, అప్పుడు బుడగలు లేస్తాయి. అప్పటికి క్లెయిమ్ ఫైలు ఎప్పుడో మూసేసి ఉంటారు.

అలాగని లప్పం కనిపిస్తే చాలు మోసం అనుకోవద్దు. సొట్టని వీలైనంత బయటికి లాగి, మిగిలిన చిన్న ఎగుడుదిగుడుల మీద పలుచగా లప్పం పట్టించి రుద్దడం సరైన పద్ధతే. సొట్ట లాగే ఓపిక లేక గుంట మొత్తాన్ని లప్పంతో పూడ్చేస్తేనే తంటా.

దీన్ని పట్టుకోవడానికి పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు ఉంటుంది, పాత కార్లు కొనేవాళ్ల దగ్గర తరచుగా చూస్తుంటాం. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, కార్లని బట్టి కాస్త అటూఇటూ. దానిమీద మళ్లీ రంగు వేస్తే 200, 300 చూపిస్తుంది. 1000 దాటిందంటే అక్కడ మిల్లీమీటరు పైన ఏదో ఉన్నట్టు, ఉత్త పెయింట్ అంత మందం రాదు. నా కారుకి కుడి ఫెండర్ మీద ఫ్యాక్టరీ మందమే చూపించింది, ఎడమ ఫెండర్ మధ్యలో మాత్రం 1000 దాటిపోయింది. కొత్త ఫెండర్‌కి అంత మందం ఎందుకొస్తుంది చెప్పండి. మీటరు లేకపోతే మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో రెండువైపులా పోల్చి చూడొచ్చు, పట్టు తగ్గిన చోట అనుమానించాలి. ఇది స్టీలు రేకులకే పనికొస్తుంది, అల్యూమినియం బానెట్ మీదా ప్లాస్టిక్ బంపర్ మీదా అయస్కాంతం అసలే అంటుకోదు.

మీటరు రీడింగ్ కంటే గట్టి సాక్ష్యం లోపలే దొరికింది. చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనర్ విప్పించి టార్చ్ వేసి చూస్తే, గుద్దుకున్నప్పుడు పడ్డ మడత రేకు వెనకవైపు అలాగే ఉంది. బయట అంత శ్రద్ధగా నునుపు చేసినవాళ్లు లోపలివైపు ఎవరు చూస్తారులే అనుకున్నట్టున్నారు. ఫోటోలు తీసుకున్నాను, అదే టైములో నంబర్ ప్లేటు కూడా కనిపించేలా ఒక వీడియో తీశాను.

రంగు సంగతి కూడా చెప్పాలి. మెటాలిక్ రంగుల్లో సన్నటి లోహపు రేణువులు ఉంటాయి. స్ప్రే గన్ ప్రెషర్, దూరం మారితే అవి పడే తీరు మారిపోతుంది, అందుకే పెయింట్ కోడ్ సరిగ్గా అదే అయినా ఎదురుగా నిలబడి చూస్తే ఒకలా, పక్కనుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. మంచి పెయింటర్ ఆ రంగుని పక్క ప్యానెల్ మీదికి కొంచెం కొంచెంగా పలచబరుస్తూ తీసుకెళ్తాడు, దాన్నే బ్లెండింగ్ అంటారు. అది ఎస్టిమేట్‌లో లేకపోతే షెడ్డువాళ్లు చెయ్యరు, చెయ్యలేదని మనం తిట్టినా లాభం లేదు. అందుకని కారు ఇచ్చేటప్పుడే అడిగి రాయించుకోవాలి. కారు తీసుకునేది పగటి వెలుతురులో తీసుకోవాలి, ట్యూబ్ లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి. రబ్బర్ల మీద, గ్లాసు అంచుల మీద రంగు తుంపర్లు కనిపిస్తే విప్పి చేయాల్సినవి విప్పకుండా టేపు వేసి కొట్టేశారని అర్థం.

పెయింట్ తేడా వస్తే బాధ, అంతే. నాకు అసలు టెన్షన్ పెట్టింది వేరే. నా కారుకిలా బంపర్ వెనక రాడార్ (ముందున్న వాహనాల్ని పసిగట్టే సెన్సర్) ఉంటే, బంపర్ తీసి పెట్టాక దాన్ని కాలిబ్రేట్ చేయాల్సి వస్తుంది, అంటే అది సరిగ్గా చూసేలా మెషీన్‌తో సెట్ చేయాలి. ముందు గ్లాసు మార్చినా దాని వెనకున్న కెమెరా సంగతి అంతే. చేశామని నోటితో చెబితే సరిపోదు, మెషీన్ రిపోర్టు ప్రింట్ ఇస్తుంది, అది ఫైల్లో ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు ఇగ్నిషన్ వేయగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అది వెలుగుతూనే ఉండటం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు, ఎవరో వైరింగ్‌లో చెయ్యి పెట్టి ఉండొచ్చు.

ఇలా కంటికి కనిపించని తప్పుడు రిపేర్ మీద కోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. అమెరికాలోని టెక్సస్‌లో 2010 మోడల్ హోండా ఫిట్‌కి వడగళ్ల వాన దెబ్బకి పైకప్పు మార్చారు. వెల్డింగ్ చేయాలని తయారీదారు చెప్పిన చోట షెడ్డువాళ్లు జిగురుతో అతికించారు. ఆ సంగతి తెలియకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్న దంపతులు 2013లో జరిగిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు, భర్త మంటలంటుకున్న కారులో ఇరుక్కుపోయాడు. 2017లో జ్యూరీ దాదాపు 4.2 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించి, అందులో పెద్ద వాటా షెడ్డు మీదే వేసింది. ప్రమాదం జరిగేదాకా ఆ కప్పు బాగానే కనిపించి ఉంటుంది కదా.

ఇక నేను చేసింది. షెడ్డుతో మాటలు ఆపేసి ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ రాశాను. సర్వేయర్ ఒప్పుకున్న ఎస్టిమేట్, ఫైనల్ బిల్లు పక్కపక్కన పెట్టి, ఫలానా వరుసలో రీప్లేస్ అని ఉంది, మార్చినట్టు డబ్బు తీసుకున్నారు, పాత ఫెండరే ఉంది, ఇవిగో ఫోటోలు, రీఇన్‌స్పెక్షన్ (మళ్లీ తనిఖీ) కావాలి అని రాశాను. నాకు నష్టం జరిగిందని కాకుండా మీ డబ్బు పోయిందని రాయడం బాగా పనిచేసిందని నా నమ్మకం. కంపెనీ తన నెట్‌వర్క్ గ్యారేజీకే, అంటే తనతో ఒప్పందం ఉన్నదానికే, పంపి ఉంటే ఆ కంపెనీని వదలకూడదు, చాలా కంపెనీలు అలాంటి పనికి కొంతకాలం గ్యారంటీ ఇస్తాయి. మనం ఏరికోరి వేరే చోటికి తీసుకెళ్లి ఉంటే పోరు ఎక్కువగా ఆ గ్యారేజీతోనే ఉంటుంది, అప్పుడు వేరే షెడ్డులో రాయించిన తనిఖీ రిపోర్టు బాగా ఉపయోగపడుతుంది. ఈ మధ్యలో ఇంకెక్కడా ఆ రిపేర్ ముట్టనివ్వొద్దు, సాక్ష్యం పోతుంది.

కారు అప్పగించేటప్పుడు పని తృప్తిగా ఉందని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. నేను దాని మీద "బయటి నుంచి మాత్రమే చూశాను, పూర్తి తనిఖీ ఇంకా చేయలేదు" అని చేత్తో రాసి సంతకం పెట్టాను. అక్కడున్న అబ్బాయి అలా రాయకూడదు సార్ అన్నాడు కానీ ఎందుకు రాయకూడదో చెప్పలేకపోయాడు.

రీఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన లైనర్ వెనక ఒక్కసారి చూసి ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు, పెద్దగా మాట్లాడలేదు. తర్వాత కొత్త ఫెండర్ వేశారు, విప్పిన పాతది నాకు చూపించారు, మీటరు పెడితే కొత్తది మామూలు రీడింగే ఇచ్చింది. డోర్ రంగు మబ్బు పట్టినప్పుడు కొంచెం తేడాగా కనిపిస్తుంది, బ్లెండింగ్ ఎస్టిమేట్‌లో లేదు కాబట్టి దాన్ని వదిలేశాను. కాలిబ్రేషన్ రిపోర్టు ఇంకా పంపలేదు, అది మెయిల్‌లో వచ్చేదాకా వాళ్లిచ్చిన రెండో కాగితం మీద సంతకం పెట్టనని చెప్పాను.