ఉద్యోగి ఏ ఊళ్లో కూర్చుని పనిచేస్తున్నట్టు?

అమెరికాలో ఒక చిన్న సంస్థలో జీతాల లెక్కలు, సెలవుల లెక్కలు చూడటం నా పని. చట్టం మారిన సంగతి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు గాని, మన ఉద్యోగి ఊరు మారిన సంగతి మాత్రం మనంతట మనం అడిగితే తప్ప తెలియదని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

టెక్సాస్‌లో ఉంటూ గంటల లెక్కన జీతం తీసుకునే మా ఉద్యోగిని ఒకామె వారానికి 4 రోజులు, రోజుకు 10 గంటల చొప్పున పనిచేసేవారు. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటితేనే ఓవర్‌టైమ్ కాబట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ ఆమెకు అదనంగా చెల్లించవలసింది ఏమీ లేకపోయింది. తరువాత ఆమె కాలిఫోర్నియాకు మారి, అదే పనిని అవే వేళల్లో ఇంటి నుంచి కొనసాగించారు. కొత్త చిరునామా ఆరోగ్య బీమా కాగితాల్లోకి ఎక్కింది గాని నా పేరోల్‌లోకి ఎక్కలేదు. కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటితే ఆపై గంటలకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. అంటే ఒక్క గంట కూడా ఎక్కువ పని చేయకుండానే ఆమెకు వారానికి 8 గంటల ఓవర్‌టైమ్ రావాలి. ఆ బాకీని వారం వారం వెనక్కి లెక్కగట్టి, క్షమాపణతో పాటు చెల్లించాం. తప్పు నాదే.

ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగి ఉంది కనుక, కదలిక అంతా రాష్ట్రాల్లోనూ నగరాల్లోనూ కనిపిస్తుంది. కాలిఫోర్నియా తన రేటును జనవరి 1న మారుస్తుంది, లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాలు జులై 1న మారుస్తాయి. వారంలో 2 గంటలు ఆ నగర పరిధిలో పనిచేసినా అక్కడ చేసిన పనికి ఆ నగరపు రేటే వర్తిస్తుంది. పైగా, ఉత్తరాల మీద లాస్ ఏంజెలెస్ అని రాసే చిరునామాల్లో కొన్ని అసలు ఆ నగర పరిధిలోనే ఉండవు. పిన్‌కోడ్‌ను నమ్ముకుంటే మునిగినట్టే. జీతంతో కూడిన సిక్ లీవ్ సంగతీ ఇలాంటిదే: శాన్ ఫ్రాన్సిస్కో 2007లోనే మొదలుపెట్టింది, కాలిఫోర్నియా 2015లో ఏడాదికి 24 గంటలుగా తెచ్చి 2024లో 40 చేసింది.

న్యాయవాదుల సంస్థలు పంపే ఈమెయిళ్లన్నీ ఒకప్పుడు పూర్తిగా చదివేవాణ్ని. వాటిలో సగం తమ సేవలు కొనమని చెప్పడానికే రాసినట్టుంటాయి. ఇప్పుడు వాటిని పైపైన చూసి, జూన్‌లోనూ డిసెంబరులోనూ ప్రతి ఉద్యోగికీ ఒక ప్రశ్న పంపుతున్నాను. మొదట్లో "మీ చిరునామా మారిందా?" అని అడిగితే అందరూ లేదనే రాసేవారు. ఆ ప్రశ్నను "గత నెలలో ఏయే ఊళ్లలో కూర్చుని పనిచేశారు?" అని మార్చిన ఏడాది, ఒకాయన మూడు వారాలు కొలరాడోలో తమ్ముడి ఇంట్లో ఉన్నానని రాశారు. ఆయనదీ రోజుకు 10 గంటల పనే, అక్కడ రోజువారీ ఓవర్‌టైమ్ 12 గంటలు దాటాకే మొదలవుతుంది కాబట్టి ఆసారి బయటపడ్డాం.