మొక్కు తీరకుండానే కొండెక్కినా

చిత్తూర్లో నాకో చిన్న సెల్‌ఫోన్ షాపుంది. రెండేళ్ళ కింద పసుపు గుడ్డలో 116 రూపాయలు ముడుపు కట్టి, షాపు నిలబడితే అలిపిరి నుంచి నడిచొస్తా సామీ అని మొక్కుకున్నా. షాపేమో నిలబడలేదు, పైగా ఇంకో రెండు లక్షలు అప్పు. కట్టిన ముడుపు ఇంట్లో ఉంచుకోకూడదు అల్లుడా అని మా మేనత్త ఒకటే పోరు, సరే పద అని పోయిన నెల ఇద్దరం బయల్దేరినాం.

నిజం చెప్పాలంటే కచ్చతోనే పోయినా. మా వీధిలో ఒకాయన గుడి గడప తొక్కడు, మూడంతస్తులు కట్టేశాడు మరి.

అత్తకి అరవై దాటింది. పాదాల మండపం దగ్గర మొదలుపెట్టి ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది, మొత్తం 3550 మెట్లు, నేను ఓ ఇరవై ఎక్కి కూర్చుని ఫోన్ చూసుకోవడం, ఆమె వచ్చాక మళ్ళీ ఎక్కడం, ఇదే పని. వేళ్ళు గోళ్ళ దాకా ఎర్రగా అయిపోయినాయి. గాలిగోపురం దగ్గర ఉండబట్టలేక అడిగేశా, ఇన్నేళ్ళుగా ఎక్కుతాండావు కదత్తా, నీకేమిచ్చినాడు అని.

"ఆయనే కుబేరుడి కాడ అప్పు జేసి పెండ్లి చేసుకున్నోడు, ఇంకా వడ్డీ కడతానే ఉండాడు. ఆయన్ని పొయ్యి దుడ్లడిగితే ఎట్లరా?"

నవ్వాగలేదు నాకు. కాసేపాగి తనే అనింది, మీ మామ పోయిన ఏడు నిద్రే పట్టేది కాదు, ఈ మెట్లకి బొట్లు పెట్టి ఇంటికి పోయిన రాత్రే ఒళ్ళు తెలీకుండా నిద్రపోయినా అని. బాగానే ఉంది గానీ, నిద్ర పడితే ఐదో తారీఖు కిస్తీ ఎవరు కడతారు? ఈ మాట మాత్రం పైకి అనలేదు.

మోకాళ్ళ పర్వతం దగ్గర నా పొగరు దిగింది, అత్తే నీళ్ళిచ్చింది.

పైన కంపార్ట్‌మెంట్లో కూర్చున్నప్పుడు కురువ నంబి కథ ఎత్తుకుంది. చిన్నప్పుడు వందసార్లు విన్నదే. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేస్తే, పొద్దున చూసేసరికి స్వామి పాదాల దగ్గర మట్టిపూలు ఉండేవంట, ఎవరివా అని వెతికితే ఒక కుమ్మరాయన పని చేసుకుంటా చేతికంటిన మట్టితోనే చేసి పెట్టినవి. ఇప్పటికీ స్వామికి పెరుగన్నం పగిలిన కొత్త కుండలోనే పెడతారు. ఆ నంబికి ఇల్లేమన్నా కట్టిచ్చినాడా అని అడగబోయి, ఆమె చేతులు చూసి నోరు మూసుకున్నా.

దర్శనం ఎంతసేపు, లాగేశారు. హుండీ దగ్గర ముడుపు తీస్తే అత్త ఆగమని, కొంగు ముడి విప్పి మడతలు పడిన పది రూపాయల నోటు తీసి నా గుడ్డలో దోపింది.

"ఇదేంటత్తా?"

"వడ్డీ. రెండేండ్లు ఆలస్యం చేసినావు గదా."