యాక్సెస్ లాగ్‌లో పరాయి సైటు, పక్కన 200

అపాచీ అనే వెబ్ సర్వర్ మీద నడిచే నా చిన్న సైటు యాక్సెస్ లాగ్‌లో (ఎవరు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే ఫైలు) వింత లైన్లు చాలానే కనిపించాయి. నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం ఒక్క రకమే. మామూలుగా గెట్ (పేజీ ఇవ్వమని అడిగే మాట) తర్వాత స్లాష్, దాని వెనక నా సైటులోని పేజీ పేరు ఉండాలి. వీటిలో గెట్ తర్వాత హెచ్‌టీటీపీతో మొదలయ్యే వేరే సైటు పూర్తి అడ్రస్ ఉంది. నాకు ఏ సంబంధమూ లేని సైటు అది. పక్కన స్టేటస్ 200. అంటే నా సర్వర్ "ఇదిగో తీసుకో" అని ఏదో ఇచ్చింది. ఏమిచ్చింది?

దాని జోలికి వెళ్లే ముందు మిగతా చెత్తను పక్కకు తీశాను. వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ, పీహెచ్‌పీమైఅడ్మిన్, డాట్ ఈఎన్‌వీ ఫైలు, డాట్ గిట్ ఫోల్డర్ కావాలంటూ వచ్చే రిక్వెస్టులే సగం పైన. వీధిలో ప్రతి ఇంటి తలుపూ తోసి చూసే బాపతు బాట్లు (వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు) ఇవి, నా మీద ప్రత్యేకంగా కక్షేమీ లేదు. వీటిలో దేనికైనా 200 వెళ్లిందా అని గ్రెప్‌తో వెతికాను. అన్నీ 404లే, అంటే అలాంటి పేజీ లేదనే జవాబే.

కొన్ని లైన్లలో యూజర్ ఏజెంట్ (వచ్చిన ప్రోగ్రామ్ చెప్పుకునే తన పేరు) ఉండాల్సిన చోట డాలర్ గుర్తు, జేఎన్‌డీఐ, ఎల్‌డ్యాప్ అని ఉంది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో (జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే లైబ్రరీ) బయటపడిన లోపం కోసం వేసే గాలం ఇది. లాగ్‌లో ఆ ముక్క రాయించగలిగితే చాలు, దాడి పనిచేసేది. అపాచీ తన లాగ్‌ను లాగ్‌ఫోర్‌జేతో రాయదు కాబట్టి ఇక్కడ అది ఉత్త అక్షరాల వరసే. అయితే లాగ్‌లను జావా టూల్‌కి పంపించేవాళ్లు ఆ టూల్ వెర్షన్ ఒకసారి చూసుకోవాలి.

ఎక్స్16, ఎక్స్03, ఎక్స్01 అని బ్యాక్‌స్లాష్‌లతో వచ్చే పిచ్చిగీతలకు స్టేటస్ 400. ఇవి ఏ దాడి కోడో కానక్కర్లేదు. 16 అంటే టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో మొదటి పలకరింపు (హ్యాండ్‌షేక్), 03 01 దాని వెర్షన్. ఎన్‌క్రిప్షన్ లేని మామూలు 80 పోర్టుకు వచ్చి ఎవరో ఎన్‌క్రిప్షన్ భాషలో పలకరించారు, సర్వర్‌కు అర్థం కాలేదు, అంతే.

కాసేపు కంగారు పెట్టిన ఇంకొకటి, నా సర్వర్ నుంచి నా సర్వర్‌కే వచ్చిన ఆప్షన్స్ రిక్వెస్టు. ఐపీ చోట రెండు కోలన్లు, ఒకటి, అంటే సొంత మెషీన్ అడ్రస్. ఎవరైనా లోపల దూరి కూర్చున్నారా అనిపించింది. యూజర్ ఏజెంట్ చివర "ఇంటర్నల్ డమ్మీ కనెక్షన్" అని రాసే ఉంది. అపాచీ ప్రధాన ప్రాసెస్ తన పిల్ల ప్రాసెస్‌లను నిద్రలేపడానికి తనకు తానే పంపుకునే రిక్వెస్టు అది.

ఇక అసలు లైను. పరాయి అడ్రస్‌తో వచ్చినవాటిని విడిగా తీసి చూస్తే ఒక ఆధారం దొరికింది. అడ్రస్ ఉత్త స్లాష్‌తో ముగిస్తే 200, తర్వాత ఇంకేదైనా పేజీ పేరుంటే 404. నిజంగానే అక్కడి పేజీలు తెచ్చి ఇస్తుంటే ఇలా ఉండదు. నా హోమ్ పేజీనే ఇస్తోందేమోనని బైట్ల లెక్క పోల్చాను. కలవలేదు! నా పేజీకి బ్రౌజర్లతో వచ్చినవాళ్ల లైన్లలో సైజు బాగా తక్కువ. బ్రౌజర్లు జీజిప్‌తో కుదించిన పేజీ అడుగుతాయి, ఈ బాట్లు అడగవు. కంప్రెషన్ లేకుండా కర్ల్ అనే కమాండ్‌తో నా హోమ్ పేజీ తెప్పిస్తే సైజు బైటుకు బైటు సరిపోయింది.

హెచ్‌టీటీపీ 1.1 నియమాల ప్రకారం పూర్తి అడ్రస్‌తో వచ్చిన రిక్వెస్టునూ సర్వర్ ఒప్పుకోవాలి. ఆ హోస్ట్ పేరుకు సరిపడే వర్చువల్ హోస్ట్ (ఒకే సర్వర్‌లో ఒక్కో సైటుకు విడిగా రాసే సెట్టింగు) లేకపోతే అపాచీ ఆ పోర్టుకు మొదట రాసినదాన్ని వాడుతుంది. నా దగ్గర మొదటిది నా సైటే. వచ్చినవాడు ఓపెన్ ప్రాక్సీ (ఎవరి రిక్వెస్టునైనా వేరే సైటుకు చేరవేసే సర్వర్) దొరుకుతుందేమోనని పరీక్షిస్తున్నాడు, దొరికితే తన ట్రాఫిక్ నా ఐపీ మీదుగా నడుపుకుంటాడు. అయినా అనుమానం ఉంచుకోకుండా బయటి కంప్యూటర్ నుంచి, కర్ల్‌లో నా సర్వర్‌ను ప్రాక్సీగా పెట్టి ఇంకో సైటు అడిగాను. నా హోమ్ పేజీయే వచ్చింది. అపాచీని ప్రాక్సీగా మార్చే మాడ్ ప్రాక్సీ మాడ్యూల్ లోడ్ కాలేదని కూడా చూసుకున్నాను. అది లోడై, ప్రాక్సీ రిక్వెస్ట్స్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండి, ఎవరు వాడాలో హద్దు లేకపోతేనే అసలు ప్రమాదం.

ఊరికే 200 ఇవ్వడం నచ్చక, మొదటి స్థానంలో ఖాళీ వర్చువల్ హోస్ట్ ఒకటి పెట్టి, తెలియని పేరుతో ఎవరొచ్చినా 403 (అనుమతి లేదు) ఇచ్చేలా చేశాను. లాగ్ చదవడం తేలికైంది. ఐపీలను ఒక్కొక్కటిగా బ్లాక్ చేసే పని మాత్రం పెట్టుకోలేదు, రేపు ఇంకో ఐపీ నుంచి వస్తారు. గూగుల్‌బాట్ (గూగుల్ సెర్చ్ కోసం పేజీలు చదివే బాట్) అని చెప్పుకుంటూ సెర్చ్ పేజీని ఆపకుండా కొడుతున్న ఒకదాన్ని మాత్రం ఆపాను. నిజమైన గూగుల్‌బాట్ అయితే దాని ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీని బట్టి పేరు వెతకడం) చూస్తే పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తోనో గూగుల్ డాట్ కామ్‌తోనో ముగియాలి, ఆ పేరు మళ్లీ అదే ఐపీకి రావాలి. దీనికి మొదటి మెట్టులోనే ఏదో హోస్టింగ్ కంపెనీ పేరొచ్చింది.