అప్పన్న గుడి గోడల వెంట

సింహాచలం గుడిని గుడిగా చూడాలంటే పండగలేవీ లేని రోజు వెళ్లాలి. మా పెదనాన్నకు శాసనాలంటే ప్రాణం. ఆయనతో కలిసి కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్ల దారి పట్టాం. దారి పక్కన బుట్టల్లో అనాసపళ్లు, సంపెంగలు అమ్ముతున్నారు. కొండ మీది నీటిధార గంగధార దగ్గర కాళ్లు కడుక్కునేసరికి అలసట సగం తీరింది.

దర్శనం తొందరగానే అయింది. చాలామంది పులిహోర తిని దిగిపోతారు. పెదనాన్న మాత్రం గోడల వైపు నడిచారు.

ఇక్కడ దొరికిన శాసనాల్లో పాతది 1098-99 నాటిది, కులోత్తుంగ చోళుడి కాలంలోది. అంటే అప్పటికే ఇక్కడ గుడి ఉంది. కానీ ఇప్పుడు మనం చూసే రూపం చాలావరకు కళింగను ఏలిన తూర్పు గాంగ రాజులు 13వ శతాబ్దంలో ఇచ్చింది. కోణార్క్ సూర్యుడి గుడి కట్టించిన, ఆ వంశపు మొదటి నరసింహదేవుడి కాలంలో పాత గుడి దాదాపు కొత్తగా లేచింది. ఈ పనులను చెప్పే శాసనం 1267-68 నాటిది. దానికి రెండున్నర శతాబ్దాల తర్వాత కళింగ దండయాత్రకు వచ్చిన కృష్ణదేవరాయలు 1516లో, మళ్లీ 1519లో స్వామికి ఆభరణాలు, ఊళ్లు సమర్పించి ఆ సంగతి ఇక్కడే చెక్కించాడు.

నాకు రాయల శాసనం కంటే చిన్నచిన్న శాసనాలే ఎక్కువ నచ్చాయి. ఎవరో అఖండ దీపానికి ఆవులు ఇచ్చారు, ఇంకెవరో పూలతోటకు భూమి రాశారు.

"ఇవి రాజుల గొప్పలు కావురా. దీపం ఆరకూడదని రాసుకున్న ఒప్పందాలు," అన్నారు పెదనాన్న. వంగి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే, దారిన పోయే ఒక ముసలమ్మ కూడా ఆగి చేతులు జోడించి వింది.

కళ్యాణ మండపంలో 96 స్తంభాలు. ఒక్కో స్తంభం ముందు ఆగి చూస్తే పూట సరిపోదు.

స్థలపురాణం కూడా ఒక జీర్ణోద్ధరణ కథే. పాడుపడ్డ గుడిలో పుట్ట కప్పేసిన స్వామిని పురూరవుడు కనుగొని, మట్టి కడిగి, ఆకాశవాణి చెప్పినట్టు పుట్టమన్నుకు బదులు చందనం పూశాడట. అందుకే వైశాఖ శుద్ధ తదియ నాడు తప్ప నిజరూపం కనపడదు. తర్వాత ఆషాఢ పౌర్ణమి వరకు నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం సమర్పిస్తారు. స్వామిని కాపాడే పద్ధతి ఇంత ఓపికగా ఉంటే, ఆయన ఇంటి రాతిని కాపాడడంలో మనకెందుకు తొందర?

ఎన్నో ఊళ్లలో చూశాను. బాగు చేయడమంటే రాతికి సున్నమో ఆయిల్ పెయింటో పూయడం, టైల్స్ పరవడం. ఇసుక జెట్‌తో గీకితే అక్షరం అరిగిపోతుంది. సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు. మన తూర్పు కనుమల్లో దొరికే ఖొండలైట్ రాయి గట్టిగా కనిపిస్తుంది గానీ, తేమకూ ఉప్పుగాలికీ పొరలుగా ఊడుతుంది. కోణార్క్‌కు వచ్చిన కష్టం అదే.

కొండ మీద నీటికి దారి ఇవ్వకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 30న చూశాం. స్వామి నిజరూపం కనపడే ఆ చందనోత్సవం నాడు, తెల్లవారకముందే, పెద్ద వానకు క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు పోయారు. పెదనాన్న ఆ మాట ఎత్తగానే గొంతు పూడుకుపోయింది. కొండ మీద కొత్త గోడ కట్టేవాళ్లు ముందు వాననీరు ఎటు పోతుందో చూడాలి. పాత గోడను ముట్టుకునేవాళ్లు ముందు శాసనాలకు కాగితం మీద నకళ్లు తీయించాలి. శాసనం ఉన్న ప్రతి చోటా, అందులో ఏముందో నేటి తెలుగులో ఒక చిన్న బోర్డు పెడితే ఆ ముసలమ్మ లాంటివాళ్లు ఇంకెంతమంది ఆగుతారో!

కిందికి దిగాక పెదనాన్న పొట్నూరు కూడా చూద్దామన్నారు. రాయలు జయస్తంభం నాటించిన ఊరది. పొద్దుపోవడంతో వచ్చే ఆదివారానికి వాయిదా వేసుకుని సిటీ బస్సెక్కాం.