అటామిక్_టి తీసేసి రెఫ్‌కౌంట్_టి పెట్టమన్నారు: ఒక పాత డ్రైవర్‌తో నా అనుభవం

పని వినడానికి చాలా చిన్నది. ఒక పాత యూఎస్‌బీ డ్రైవర్‌లో ఆబ్జెక్టుల రిఫరెన్స్ కౌంటు (ఒక ఆబ్జెక్టును ఎందరు వాడుతున్నారో చూపే లెక్క; అది సున్నా అయితే ఆ మెమరీని ఫ్రీ చేయవచ్చు, అంటే తిరిగి ఇచ్చేయవచ్చు) కోసం అటామిక్_టి అనే టైపు వాడుతున్నారు, దాన్ని రెఫ్‌కౌంట్_టికి మార్చాలి. ఇలాంటి చోట్లను పట్టుకోవడానికి లినక్స్ కెర్నల్ సోర్సులోనే ఒక కాక్సినెల్ (సి కోడులో నమూనాలను వెతికే సాధనం) స్క్రిప్టు ఉంది. అది ఈ డ్రైవర్‌లో కొన్ని లైన్లు చూపించింది. టైపు మార్చి, ఫంక్షన్ల పేర్లు మార్చి, కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అసలు పని అక్కడి నుంచి మొదలైంది.

ఈ మార్పు ఎందుకు అడుగుతారో తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. అటామిక్_టి మామూలు 32 బిట్ల లెక్క. పెంచుతూ పోతే చివరికి చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. 2016లో బయటపడిన సీవీఈ-2016-0728 అనే భద్రతా లోపం ఇదే కథ. ఒక ప్రాసెస్ తన సెషన్ కీరింగ్‌ను (కీలు దాచుకునే కెర్నల్ ఆబ్జెక్టును) మళ్ళీ అదే కీరింగ్‌తో మార్చుకున్న ప్రతిసారీ ఒక రిఫరెన్స్ లీకయ్యేది. ఆ కాల్‌ను సుమారు 429 కోట్ల సార్లు చేస్తే లెక్క సున్నా అవుతుంది, కెర్నల్ ఆ మెమరీని ఫ్రీ చేసేస్తుంది, కానీ ప్రాసెస్ చేతిలో పాయింటర్ (ఆ మెమరీ చిరునామా) అలాగే ఉంటుంది. అన్ని కోట్ల సార్లంటే జరిగే పని కాదనిపిస్తుంది గానీ, మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద అరగంటలో అయిపోతుందని కనిపెట్టినవాళ్ళు చూపించారు. 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చిన రెఫ్‌కౌంట్_టి అలా చుట్టు తిరగదు. హద్దు దాటితే మైనస్ 107 కోట్ల దగ్గర, అంటే నెగెటివ్ అంకెల సరిగ్గా నడిమధ్యన, బిగుసుకుపోతుంది. అక్కడి నుంచి కొన్ని పెంచినా తగ్గించినా మళ్ళీ సున్నా దాకా రాదు. ఆ ఆబ్జెక్టు ఇక ఎప్పటికీ ఫ్రీ కాదు. మెమరీ లీకవుతుంది, అవనివ్వండి. ఫ్రీ అయిన మెమరీని ఇంకొకరు వాడుకోవడం కంటే అది నయం.

డ్రైవర్‌ను లోడ్ చేసి డివైస్ ఫైలును ఓపెన్ చేయగానే కెర్నల్ లాగ్‌లో వార్నింగ్ పడింది: "అడిషన్ ఆన్ జీరో, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ". నిజానికి అక్కడ ఏదీ ఫ్రీ కాలేదు. పాత కోడు ఆబ్జెక్టును సున్నా లెక్కతో పుట్టిస్తోంది, అంతే. దాని భాషలో సున్నా అంటే "లిస్టులో ఉంది, ఇంకా ఎవరూ ఓపెన్ చేయలేదు". రెఫ్‌కౌంట్_టి భాషలో సున్నా అంటే "చచ్చిపోయింది, ముట్టుకోవద్దు". సున్నా నుంచి ఒకటికి పెంచడాన్ని అది ఒప్పుకోదు.

ఇలాంటప్పుడు కొందరు చేసే పని నాకు నచ్చదు: ఓపెన్‌లో లెక్క సున్నా అయితే రెఫ్‌కౌంట్_సెట్‌తో ఒకటి పెట్టేయడం. వార్నింగ్ పోతుంది, దానితోపాటు రెఫ్‌కౌంట్_టి వల్ల వచ్చే లాభం కూడా పోతుంది. కాబట్టి ఆ దారి వదిలేసి, ఈ ఆబ్జెక్టు పాయింటర్ ఎవరెవరి దగ్గర ఉందో కాగితం మీద రాసుకున్నాను. లిస్టు, ఓపెన్ అయిన ఫైళ్ళు, వర్క్ ఐటెమ్ (తర్వాత నడపడానికి క్యూలో పెట్టే పని), యూఆర్‌బీ కంప్లీషన్ (యూఎస్‌బీ రిక్వెస్టు పూర్తయినప్పుడు నడిచే ఫంక్షన్), డివైస్ ఊడినప్పుడు నడిచే డిస్‌కనెక్ట్ ఫంక్షన్. వీటిలో లెక్కలోకి వచ్చేవి ఫైళ్ళు మాత్రమే. మిగతావన్నీ ఎవరికి వారే యమునాతీరే.

డిస్‌కనెక్ట్ కోడు చదివితే అసలు రోగం కనబడింది. అది ముందు "డివైస్ పోయింది" అని ఒక ఫ్లాగ్ పెడుతుంది, తర్వాత లెక్క చదివి, సున్నా అయితే ఫ్రీ చేస్తుంది. క్లోజ్ ఏమో లెక్క తగ్గించి, సున్నాకు వస్తే ఫ్లాగ్ చూసి, అది ఉంటే ఫ్రీ చేస్తుంది. రెండూ విడివిడిగా చదివితే తప్పేమీ కనిపించదు. ఒక సీపీయూ మీద డిస్‌కనెక్ట్ ఫ్లాగ్ పెట్టింది అనుకోండి. ఆ క్షణంలోనే ఇంకో సీపీయూ మీద క్లోజ్ లెక్కను సున్నా చేసి, ఫ్లాగ్ చూసి, ఫ్రీ చేసింది. ఇప్పుడు డిస్‌కనెక్ట్ లెక్క చదువుతుంది, అదీ ఫ్రీ అయిన మెమరీలోంచి. సున్నా కనిపిస్తే మళ్ళీ ఫ్రీ చేస్తుంది. అటామిక్ ఆపరేషన్లు వాడినంత మాత్రాన ఇది ఆగదు. ఒక్కొక్క అడుగూ అటామిక్కే, రెండడుగులు కలిపితే కాదు.

ఓపెన్‌లో ఇంకొకటి. స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి పంపే తాళం) పట్టుకుని లిస్టులో ఆబ్జెక్టును వెతుకుతుంది, లాక్ వదిలేస్తుంది, ఆ తర్వాత లెక్క పెంచుతుంది. లాక్ వదలడానికీ లెక్క పెంచడానికీ మధ్య డిస్‌కనెక్ట్ దూరితే అంతే సంగతులు. రెఫ్‌కౌంట్_టి ఎంత గట్టిదైనా ఇక్కడ చేయగలిగింది లేదు, ఎందుకంటే ఆ లెక్క ఉన్నది ఫ్రీ అయిపోతున్న ఆబ్జెక్టు లోపలే. మన దగ్గర అప్పటికే ఒక రిఫరెన్స్ ఉంటేనో, ఇంకెవరి రిఫరెన్సో పోకుండా లాక్ పట్టుకుని ఉంటేనో తప్ప పెంచే హక్కు మనకు లేదు.

దీన్ని టెస్టులో రప్పించడానికి కేబుల్ పీకి పెట్టాల్సిన పనిలేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన డివైస్‌లను ఫైళ్ళుగా చూపించే చోట) ప్రతి యూఎస్‌బీ డ్రైవర్‌కూ, డివైస్‌ను దానికి తగిలించే, విడదీసే బైండ్, అన్‌బైండ్ ఫైళ్ళు ఉంటాయి. ఒక స్క్రిప్టు వాటిలోకి వరసగా రాస్తూ ఉండగా, ఇంకో ప్రోగ్రాం ఓపెన్, క్లోజ్ చేస్తూ ఉంటుంది. లాక్ వదిలే లైను కింద కావాలనే చిన్న డిలే పెట్టి, కేఏశాన్ (ఫ్రీ అయిన మెమరీని ముట్టుకుంటే పట్టుకునే సాధనం) ఆన్ చేసిన కెర్నల్‌తో నడిపితే రిపోర్టు దాదాపు వెంటనే వచ్చింది. కేఏశాన్ రిపోర్టులో నాకు బాగా పనికొచ్చేది, ఇప్పుడు ముట్టుకున్నది ఎవరు, మెమరీ తీసుకున్నది ఎవరు, ఫ్రీ చేసింది ఎవరు అని మూడు స్టాక్‌లు (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరసలు) ఇవ్వడం. మూడోది డిస్‌కనెక్ట్, మొదటిది ఓపెన్. ఇక వాదించడానికి ఏముంది?

టెస్టు చేసేవాళ్ళకు ఒక మాట. రెఫ్‌కౌంట్ వార్నింగ్‌లలో ఒక్కో రకం బూట్‌కి ఒక్కసారే పడుతుంది. రెండోసారి నడిపినప్పుడు లాగ్ శుభ్రంగా ఉందని సంతోషపడకూడదు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్గింగ్ కోసం కెర్నల్ చూపే ఫైళ్ళలో) క్లియర్_వార్న్_వన్స్ అనే ఫైలు ఉంటుంది, అందులోకి 1 రాస్తే వార్నింగ్‌లు మళ్ళీ మొదటి నుంచి పడతాయి. ప్రతిసారీ రీబూట్ చేసే తిప్పలు తప్పుతాయి.

సరిచేసిన పద్ధతి ఇది. ఆబ్జెక్టు పుట్టేటప్పుడే లెక్క ఒకటి, ఆ ఒకటి లిస్టుది. ఓపెన్ చేస్తే లాక్ లోపలే వెతికి, లాక్ లోపలే పెంచుతుంది. డిస్‌కనెక్ట్ లాక్ పట్టుకుని లిస్టులోంచి తీసి, లాక్ వదిలి, లిస్టు వాటాను వదిలేస్తుంది. క్లోజ్ తన వాటాను వదిలేస్తుంది. ఎవరు చివరివారైతే వాళ్ళ చేతిలో ఫ్రీ అవుతుంది. ఎవరూ లెక్క చదివి నిర్ణయం తీసుకోరు. లెక్క చదివి "ఒకటే ఉంది కాబట్టి నేనొక్కడినే" అనుకునే కోడు ఎక్కడ కనిపించినా నేను ఇప్పుడు అనుమానంగానే చూస్తాను.

ఫ్లాగ్‌ను మాత్రం తీసేయలేదు. రిఫరెన్స్ కౌంటు కాపాడేది మెమరీని, హార్డ్‌వేర్‌ను కాదు. డివైస్ ఊడిపోయాక కూడా ఫైలు ఓపెన్‌గా ఉండవచ్చు, అప్పుడు రీడ్ చేస్తే "అలాంటి డివైస్ లేదు" అనే ఎర్రర్ ఇవ్వాలి. ఈ రెండు విషయాలనూ ఒకే లెక్కతో నడపబోయినందువల్లే పాత కోడు అలా తయారైంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది వర్క్ ఐటెమ్. వర్క్‌ను క్యూలో పెట్టే ముందు ఒక రిఫరెన్స్ తీసుకోవాలి, వర్క్ ఫంక్షన్ చివర దాన్ని వదలాలి. ఇంతవరకు తేలికే. అయితే క్యూ_వర్క్, ఆ వర్క్ అప్పటికే క్యూలో ఉంటే ఫాల్స్ ఇస్తుంది. అప్పుడు మనం తీసుకున్న రిఫరెన్స్‌ను వదిలేవాళ్ళు ఉండరు, వెంటనే మనమే వదలాలి. అలాగే క్యాన్సిల్_వర్క్_సింక్ ట్రూ ఇచ్చిందంటే వర్క్ నడవకుండానే రద్దయిందని అర్థం, దాని వాటా కూడా మనమే వదలాలి. ఈ రెండు రిటర్న్ విలువలనూ పట్టించుకోని కోడు బోలెడంత కనిపిస్తుంది. ఇంకో చిక్కు: చివరి రిఫరెన్స్ వర్క్ ఫంక్షన్ లోపలే పోవచ్చు. అప్పుడు రిలీజ్ ఫంక్షన్ (ఆబ్జెక్టును ఫ్రీ చేసేది) నడిచేది ఆ వర్క్‌లోనే. అందులో క్యాన్సిల్_వర్క్_సింక్ పిలిస్తే తన కోసం తనే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే దాన్ని రిలీజ్‌లోంచి తీసి డిస్‌కనెక్ట్‌లో పెట్టాను.

యూఆర్‌బీ కంప్లీషన్‌కు కూడా ఒక రిఫరెన్స్ ఇచ్చేద్దాం అనిపించింది గానీ ఇవ్వలేదు. కంప్లీషన్ నిద్రపోకూడని చోట నడుస్తుంది. చివరి రిఫరెన్స్ అక్కడ పోతే రిలీజ్ కూడా అక్కడే నడుస్తుంది, ఈ డ్రైవర్ రిలీజ్‌లో మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయే లాక్) ఉంది. పైగా అది ఎప్పుడో నూటికో కోటికో ఒకసారి మాత్రమే బయటపడే తప్పు. డిస్‌కనెక్ట్‌లో యూఎస్‌బీ_పాయిజన్_యూఆర్‌బీ పిలిస్తే, నడుస్తున్న కంప్లీషన్ అయిపోయేదాకా ఆగుతుంది, తర్వాత దాన్ని మళ్ళీ సబ్మిట్ చేయనివ్వదు. లిస్టు వాటా అప్పటిదాకా ఉంటుంది కనుక కంప్లీషన్‌కు వేరే రిఫరెన్స్ అక్కర్లేదు. ప్రతి పాయింటర్‌కూ రిఫరెన్స్ ఉండాలనేమీ లేదు, దాన్ని ఎవరు బతికిస్తున్నారో చెప్పగలిగితే చాలు. రిఫరెన్స్ వదిలే ఫంక్షన్ మొదట్లో ఒక మైట్_స్లీప్ (ఇక్కడ నిద్రపోవచ్చని చెప్పే చెక్) పెట్టాను. ఇకమీదట ఎవరైనా తప్పుడు చోట పిలిస్తే, డీబగ్ ఆప్షన్ ఉన్న కెర్నల్‌లో అది చివరి రిఫరెన్స్ కాకపోయినా అరుస్తుంది.

రివ్యూ మొత్తం మీద మర్యాదగానే సాగింది. మెయింటైనర్ (ఆ కోడును చూసుకునేవారు) మొదట అడిగింది, గెట్ (పెంచేది), పుట్ (వదిలేది), రిలీజ్ మూడూ రాసుకున్నప్పుడు నేరుగా కేరెఫ్ (కెర్నల్‌లో ఇందుకోసమే ఉన్న టైపు) ఎందుకు వాడకూడదని. న్యాయమే. కేరెఫ్ లోపల ఉన్నది రెఫ్‌కౌంట్_టినే, రిలీజ్ ఎక్కడుందో చదివేవాళ్ళకు ఇంకా తేలికగా కనబడుతుంది. మార్చేశాను. ఇంకొక రివ్యూయర్ మాత్రం ఓపెన్‌లో మామూలు గెట్ బదులు, సున్నా కాకపోతేనే పెంచే రకం వాడమన్నారు, ఎందుకైనా మంచిదని. దానికి నేను ఒప్పుకోలేదు. లిస్టులో ఉన్నంతసేపూ లిస్టు వాటా ఉంటుంది, లాక్ మన చేతిలో ఉంది, కాబట్టి లెక్క సున్నా అయ్యే అవకాశమే లేదు. ఒకవేళ అయిందంటే అది బగ్, వార్నింగ్ పడాలి. సున్నా కాకపోతేనే పెంచే ఫంక్షన్ ఆ బగ్‌ను నోరు మూసి దాచేస్తుంది. రేపు లిస్టును ఆర్‌సీయూతో (లాక్ లేకుండా చదివే పద్ధతితో) వెతకడం మొదలుపెడితే అప్పుడు అది నిజంగా కావాలి, ఎందుకంటే లిస్టులోంచి తీసేసిన ఆబ్జెక్టు కూడా కాసేపు వెతికేవాళ్ళకు కనిపిస్తుంది. ఇదే జవాబు రాశాను, సరేనన్నారు.

మెమరీ ఆర్డరింగ్ (మెమరీ చదవడం, రాయడం ఏ వరసలో జరిగినట్టు కనిపించాలన్నది) గురించి ఒక ప్రశ్న వచ్చింది. అటామిక్ రకంలో తగ్గించి చూసే ఆపరేషన్, ముందువీ తర్వాతవీ అటూ ఇటూ జరగనివ్వని పూర్తి బ్యారియర్‌లా పనిచేస్తుంది. రెఫ్‌కౌంట్ రకం తగ్గించేటప్పుడు రిలీజ్ (ముందువి కిందికి జారవు), సున్నాకు వస్తే అక్వైర్ (తర్వాతవి పైకి జరగవు), అంతవరకే హామీ ఇస్తుంది. పాత కోడులో ఎవరైనా ఆ పూర్తి బ్యారియర్ మీద ఆధారపడ్డారేమో వెతికాను. లేరు. ఆ సంగతి కమిట్ మెసేజ్‌లో రాయమన్నారు, రాశాను.

ప్యాచ్‌ల వరస గురించి చివరి మాట మెయింటైనర్‌దే. ఓపెన్ రేస్ (లాక్ వదిలాక డిస్‌కనెక్ట్ దూరే సందు), డబుల్ ఫ్రీ, వర్క్ ఐటెమ్, ఈ మూడు సవరణలూ ముందు, పాత అటామిక్_టి మీదనే, ఫిక్సెస్ ట్యాగ్‌తో (ఏ పాత కమిట్ తప్పును సరిచేస్తుందో చెప్పే గుర్తుతో). టైపు మార్పు చివర్లో, విడిగా. అలా అయితే స్టేబుల్ కెర్నల్‌లకు (ఇప్పటికే విడుదలైన వాటికి) సవరణలు మాత్రమే వెళ్తాయి, శుభ్రం చేసే పని వాటి జోలికి పోదు. మొదట అడిగిన పని కాస్తా సిరీస్‌లో ఆఖరి ప్యాచ్ అయింది, అన్నిటికంటే చిన్నది కూడా అదే. సిరీస్ మెర్జ్ అయింది. ఆర్‌సీయూ జోలికి నేను పోలేదు. పెర్ఫ్‌లో (సమయం ఎక్కడ పోతోందో చూపే సాధనంలో) ఆ స్పిన్‌లాక్ పైన ఎక్కడా కనిపించడం లేదు, కనిపించే రోజు వస్తే అప్పుడు చూద్దాం.